జ్ఞానమణి గారి శనివారం జబ్బులు

"గుండెపోటు సులువు తమ్ముడూ. ఎడమ చెయ్యి పట్టుకుని, కొంగుతో చెమట తుడుచుకుంటే సగం పని అయిపోతది. కష్టమంటే మలబద్ధకం. దాన్ని మొహంలో ఎట్ల చూపిస్తవ్ చెప్పు?"

నాకు తెలియదన్నాను. జ్ఞానమణి గారు చిక్కుడుకాయల ఈనెలు తీయడం ఆపి, చేతులు ఒళ్లో పెట్టుకుని, చూపించారు. అంతకంటే వర్ణించడం మర్యాద కాదు. ఎదురింటి మేడ మీద బట్టలారేస్తున్న ఆవిడ మాత్రం కంగారుపడి, "ఏమైంది పిన్నీ?" అని అరిచింది.

"ఏం కాలే. ప్రాక్టీసు," అని ఈవిడ చెయ్యూపారు.

మారేడ్‌పల్లిలో మేము కింది వాటా, వాళ్లు పై వాటా. ఆవిడ చెబుతుంటే మెట్ల మీద కూర్చుని వినడం నాకు అలవాటు. వాళ్ల అమ్మది కాకినాడ మాట, బడిలో నేర్చింది లాలాగూడ మాట. రెండూ కలిసి ఆవిడ నోట్లో ఏ వాక్యం ఎటు తిరుగుతుందో చెప్పలేం. అందుకే వినబుద్ధేస్తుంది.

"పోయిన శనివారం నాకు ఆస్తమా. అంతకుముందు కీళ్లవాతం. దసరా సెలవుల్లో కామెర్లు. దేవుడి దయవల్ల అన్నీ మధ్యాహ్నం భోజనం టైముకు తగ్గిపోయినయ్."

ఆవిడ ఒక మిషన్ బడి ఆఫీసులో గుమాస్తాగా చేసి రిటైరయ్యారు. కడుపునొప్పి అని ఇంటికి పోవాలనుకునే పిల్లలు ఆవిడ బల్ల ముందు నిలబడాలి. "నొప్పి ఎక్కడ?" అని అడిగి, వాళ్లు చూపించాక, పెన్ను కింద పడేసి "జెర అందియ్యి" అనేవారట. వంగి తీసిస్తే క్లాసుకు, వంగలేకపోతే ఇంటికి. అలా పెన్ను తీసిచ్చి దొరికిపోయిన పిల్లల్లో సింధూర ఒకతె. ఆ సింధూర ఇప్పుడు డాక్టరు. అల్వాల్‌లో ఉంటూ ఒక మెడికల్ కాలేజీలో పాఠాలు చెబుతుంది. వైద్య విద్యార్థుల కోసం ఒక ఉచిత వెబ్‌సైటు కూడా నడుపుతుంది. దానికి ఉత్తుత్తి పేషెంటు కావాల్సి వచ్చినప్పుడు ఆమెకు ముందుగా గుర్తొచ్చింది జ్ఞానమణి గారే.

"దొంగ నొప్పులన్నీ చూసిన మనిషి కదా ఆంటీ, చేసి చూపించడం ఎంతసేపు?" అందట.

ఒక శనివారం నేనూ ఆవిడ వెంట అల్వాల్ వెళ్లాను. సింధూర ఇంటి మేడ మీద గదిలో ఒక మంచం, ఒక బల్ల, కెమెరా. గుమ్మం దగ్గర ఒక ప్లాస్టిక్ డబ్బా. అందరూ తమ ఫోన్లు ఆపేసి అందులో వేయాలి. సింధూర నాకు టీ ఇస్తూ ఓపిగ్గా వివరించింది.

"ఇప్పుడు పిల్లలకు ఏ పాఠం కావాలన్నా ఫోన్లోనే ఉందండీ. గుండె చప్పుళ్లు రికార్డు చేసి పెట్టిన సైటు ఉంది, చెవిలో పెట్టుకుని ఎన్నిసార్లైనా వినొచ్చు. ఎక్స్‌రేలు చూసి చెప్పడం ప్రాక్టీసు చేయడానికి ఇంకొకటి. మందుల మోతాదులకు యాప్‌లు. పరీక్ష ప్రశ్నలకైతే లెక్కే లేదు. అన్నీ చూసి, అన్నీ నేర్చుకుని వార్డుకు వస్తారు. అక్కడ పేషెంటు 'పానం మంచిగ లేదు సార్' అంటుంది. అంతే, మావాళ్లు నిలబడిపోతారు. ఆ ముక్కకు సమాధానం ఏ సైట్లోనూ లేదు. అందుకని మేమే పెట్టాం."

ఆ రోజు పేషెంటును ప్రశ్నించే వంతు విష్ణువర్ధన్ అనే హౌస్ సర్జన్‌ది. తెల్ల కోటు ఇస్త్రీ చేయించుకుని వచ్చాడు. కెమెరా ఆన్ చేశారు.

"ఏంటమ్మా ప్రాబ్లం?"

"పానం మంచిగ లేదు సార్."

"ఎప్పటి నుంచి?"

"మా పెద్దమ్మ కూతురి పెళ్లైన కాడి నుంచి."

"ఆ పెళ్లి ఎప్పుడైంది?"

"వాళ్లు విడిపోయి సుత రెండేండ్లైంది సార్."

విష్ణువర్ధన్ సింధూర వైపు దీనంగా చూశాడు. "నన్ను చూడకు, పేషెంటును చూడు," అందామె.

అక్కడ ఒక నియమం ఉంది. సింధూర ముందురోజే జబ్బు వివరాలు రాసి పంపుతుంది. అసలైన సంగతిని, అంటే నొప్పి ఏం చేస్తే వస్తుంది, ఏం చేస్తే తగ్గుతుంది లాంటివాటిని, సూటిగా అడిగితే తప్ప చెప్పకూడదు. అడిగితే మాత్రం అబద్ధమాడకూడదు. మిగతాదంతా పేషెంటు ఇష్టం. ఆ మిగతాదాంట్లో జ్ఞానమణి గారు చెలరేగిపోతారు. వీడియోల కింద పిల్లలు రాసేది ఆవిడ నాకు చదివి వినిపిస్తుంటారు. "ఈ ఆంటీని తట్టుకుంటే ఫైనల్ పరీక్ష పాసైనట్టే" అని ఒకడు. "ఆంటీ, మీరు మా ఎగ్జామ్‌కు రావొద్దు ప్లీజ్" అని ఇంకొకతె.

"ఎంత ప్రేమో చూడు!" అని మురిసిపోతారు.

ఆ మురిపెం ఎందుకో నాకు తర్వాత తెలిసింది. చర్చిలో ఏటేటా వేసే క్రిస్మస్ నాటకంలో ఆవిడకు చిన్నప్పటి నుంచీ ఒకటే వేషం. గొర్రెల కాపరులు ముగ్గురిలో మధ్యవాడు. తల మీద దుప్పటి, నోట్లో మాట లేదు. మాటలున్న వేషాలన్నీ హదస్సాకు వెళ్లేవి. హదస్సా అంటే స్త్రీల సమాజం సెక్రటరీ, కాప్రాలో ఉంటుంది, గొంతు పెద్దది, మనసు ఇంకా పెద్దది, తొందర అన్నిటికంటే పెద్దది.

ఆ తొందరే కొంప ముంచింది.

గుండె జబ్బు పాఠం వీడియోలోంచి ఎవరో ఒక ముక్క కత్తిరించారు. మొదట్లో ఉండే 'విద్యార్థుల కోసం' అన్న అక్షరాలు పోయాయి, చివర సింధూర ఇచ్చే వివరణ పోయింది. మిగిలింది మంచం అంచున కూర్చుని, ఛాతీ పట్టుకుని, "సార్, నా మీద ఏనుగు కూసున్నట్టున్నది" అంటున్న జ్ఞానమణి గారు మాత్రమే. అది వాట్సాప్‌లో ఊరంతా తిరిగి ఒక శనివారం మధ్యాహ్నం హదస్సా ఫోన్‌కు చేరింది.

హదస్సా వెంటనే ఫోన్ చేసింది. జ్ఞానమణి గారి ఫోన్ అల్వాల్‌లో ప్లాస్టిక్ డబ్బాలో ఉంది. భర్త యేసురాజు గారికి చేసింది. ఆయన రైల్వే ఆఫీసులో పనిచేసి రిటైరైన మనిషి, చర్చి సంఘపెద్ద. మధ్యాహ్నం నిద్రపోయేటప్పుడు ఫోన్ ఆపేయడం ఆయన పద్ధతి. రెండు ఫోన్లూ పలకకపోయేసరికి హదస్సాకు ఇక అనుమానం లేదు. సమాజం గ్రూపులో పెట్టేసింది: "మన జ్ఞానమణక్కకు చాలా సీరియస్. చైన్ ప్రేయర్ షురూ చేద్దాం."

చైన్ ప్రేయర్ అంటే ఒక్కొక్క ఇంటివాళ్లు ఒక్కొక్క గంట చొప్పున, తెగకుండా ప్రార్థన చేయడం. కొందరు ఉపవాసం కూడా పట్టారు. అందరికంటే ముందు పట్టింది హదస్సా.

సాయంత్రం జ్ఞానమణి గారు బస్సు దిగి, సంచిలో గోంగూర కట్టలతో ఇంటికి వచ్చేసరికి మెట్ల నిండా చెప్పులు. నేను కింద నిలబడి ఏమైందో తెలియక చూస్తున్నాను.

"మా ఆయనకేమైంది?" అని ఆవిడ సంచి అక్కడే పడేసి పైకి పరిగెత్తారు. వెనకాల నేనూ వెళ్లాను.

లోపల హాల్లో స్త్రీల సమాజమంతా మోకాళ్ల మీద ఉంది. మధ్యలో యేసురాజు గారు నిద్ర మొహంతో, లుంగీలో, ఎటూ కదలలేక కూర్చుని ఉన్నారు. హదస్సా కళ్లు తెరిచింది.

"అక్కా! నువ్వు నడుస్తున్నవా?"

"బస్సు దిగినంక నడవకపోతే ఎగురుతనా?"

"మెట్లెక్కినవా!"

"లిఫ్టు యాడుందే మా ఇంట్ల? ఏందీ లొల్లి?"

"స్తోత్రం ప్రభువా!" అని హదస్సా లేచి కౌగిలించుకుంది. "చూసిన్రా, చూసిన్రా! పొద్దున ఏనుగు కూసున్నదన్న మనిషి!"

"ఓ, అదా? అది నిజం కాదే. అది పిల్లలకు..."

"ష్, మాట్లాడొద్దు. గుండెకు తక్లీఫ్ అయితది. కూసో."

కూర్చోబెట్టారు. నాటుకోడి సూపు గిన్నె చేతిలో పెట్టారు. నోట్లో సూపు ఉండగా ఎవరూ నిజం చెప్పలేరు. ఇంతలో హదస్సా ఫోన్లో పాస్టరు డేవిడ్ రాజు గారు స్పీకర్‌లో పలికారు. వచ్చే ఆదివారం ఆరాధనలో జ్ఞానమణమ్మ ముందుకొచ్చి దేవుడు తనకు చేసిన మేలు గురించి సాక్ష్యం చెప్పాలి, సంఘమంతా ఎదురుచూస్తోంది అన్నారు. స్త్రీల సమాజం ఏకకంఠంతో ఆమెన్ అంది.

అందరూ వెళ్లాక యేసురాజు గారు హదస్సా పంపిన ఆ వీడియో ముక్కను మొదటిసారి చూశారు. భార్య శనివారాలు డాక్టరమ్మకు ఏదో పాఠాల్లో సాయం చేస్తోందని మాత్రమే ఆయనకు తెలుసు. రెండుసార్లు చూసి, ఫోన్ బల్ల మీద పెట్టి, "ఆదివారంతో ఈ నాటకాలు ఆఖరు, మణీ," అన్నారు.

ఆ వారమంతా పై వాటాలో నవ్వు వినబడలేదు. బుధవారం నేను పైకి వెళ్లేసరికి ఆవిడ పరామర్శకు వచ్చిన ఆపిల్ పండ్లు కోసుకుని దిగులుగా తింటున్నారు. దిగులుగానే నాకూ రెండు ముక్కలు ఇచ్చారు.

"చూడు తమ్ముడూ. నిజం చెప్తే హదస్సా పరువు పోతది. పాపం అన్నం మానింది. అందరి ముందర అది తల దించుకుంటే ఆయన నన్ను గడప దాటనియ్యరు. పోనీ, గుండె బాగైందని చెప్పిన అనుకో. దేవుని ముందర అబద్ధం, అదొకటి. ఇంకోటి, వచ్చే మంగళవారం నా కిడ్నీల రాళ్ల వీడియో వస్తున్నది. షూటింగ్ ఆల్రెడీ అయిపోయింది. అప్పుడేమంటరు? గుండె నుంచి కిందికి జారిందంటరా?"

"పాస్టరు గారికి ముందే విడిగా చెప్పేస్తే?"

"చెప్పలేదనుకున్నవా? ఫోన్ చేసి, 'అయ్యగారూ, నాకసలు జబ్బే లేదు' అన్న. 'అదే విశ్వాసమమ్మా! ఆ మాటే ఆదివారం చెప్పండి' అన్నరు." ఇంకో ముక్క నోట్లో వేసుకున్నారు. "ఎటు చెప్పినా నా శనివారం పోతున్నది. ఇన్నేండ్లకు నాకు మాటలున్న వేషం దొరికితే, అది సుత ఉంటలేదు."

హాస్యానికి అన్నారేమో అని మొహం చూశాను. హాస్యం కాదు.

ఆదివారం నన్నూ రమ్మన్నారు. చర్చిలో ఒక పక్క మగవాళ్లు, ఒక పక్క ఆడవాళ్లు. ముందు వరసలో యేసురాజు గారు చొక్కా గుండీ మెడ దాకా పెట్టుకుని కూర్చున్నారు. హదస్సా కొత్త చీర కట్టింది. పాస్టరు గారు పిలవగానే జ్ఞానమణి గారు లేచి మైకు దగ్గరికి వెళ్లి, అందరికీ వందనాలు చెప్పి, ఊరుకున్నారు.

కాసేపు చూసి పాస్టరు గారు, "చెప్పండమ్మా," అన్నారు.

"నాకు చెప్పడం అలవాటు పోయిందయ్యగారూ. అడిగితే చెప్పడం అలవాటైంది. మీరందరూ అడగండి. ఏదడిగినా నిజమే చెప్తా."

జనం ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. చివరికి రిటైర్డు హెడ్మాస్టరు చిన్నబ్బాయి గారు లేచారు. ప్రశ్న అడగమంటే ఊరుకోలేని మనిషి.

"నొప్పి ఎక్కడ వచ్చిందమ్మా?"

"అల్వాల్‌లో సార్."

"ఊరు కాదమ్మా. ఒంట్లో."

"ఛాతీ నడుమ షురూ అయి, ఎడమ చెయ్యి దాక పోయింది. పోవాలని డాక్టరమ్మ చెప్పింది."

"ఎంతసేపు ఉంది?"

"మొదటిసారి తొందరగా తగ్గింది సార్. వెలుతురు చాలలేదని మళ్లీ రప్పించిన్రు."

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. చిన్నబ్బాయి గారు కళ్లజోడు సర్దుకున్నారు. "రప్పించారా? ఎవరు?"

"కెమెరా ఆయన."

"నొప్పి ఎట్లా తగ్గిందమ్మా మరి?"

"డాక్టరమ్మ 'కట్' అన్నది సార్. తగ్గింది."

ఇప్పుడు నవ్వు మగవాళ్ల వైపంతా పాకింది. ఆడవాళ్లు మాత్రం హదస్సా వైపు చూస్తున్నారు. హదస్సా లేచి నిలబడింది. మొహం కందిపోయింది.

"అక్కా, సూటిగ అడుగుతున్న. నీకు గుండె జబ్బు ఉన్నదా, లేదా?"

"లేదు హదస్సా. నేనక్కడ డాక్టరు చదివే పిల్లల కోసం పేషెంటు వేషం వేస్తున్న. శనివారం నుంచి ఇంతమంది నా ఇంటికొచ్చిన్రు. ఈ ప్రశ్న అడిగింది నువ్వొక్కదానివే."

"మరి నా ఉపవాసం?"

చర్చి అంతా పాస్టరు గారి వైపు తిరిగింది. ఆయన, "ఆ నొప్పి నిజంగా ఉన్నవాళ్లు ఈ ఊళ్లో ఎంతమంది లేరమ్మా? అడ్రసు మనకు తప్పింది గానీ ఆయనకు తప్పదు," అన్నారు. మాట బాగానే ఉంది. హదస్సాకు ఆనలేదు.

"రెండు బస్సులు మారి సూపు తెచ్చిన," అంది.

"సూపు మాత్రం నిజంగానే పనిచేసిందే," అన్నారు జ్ఞానమణి గారు. ఎవరూ నవ్వలేదు. హదస్సా కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆపిల్ ముక్కలు తింటూ ఆవిడ చెప్పిన లెక్క నాకు గుర్తొచ్చింది. హదస్సా తల దించుకుంటే శనివారం పోయినట్టే.

అప్పుడు యేసురాజు గారు లేచారు. ప్రకటనలు చదవడానికి తప్ప చర్చిలో ఆయన నోరు విప్పరు. అందుకని ఆయన లేవగానే పసిపిల్లలు కూడా సద్దుమణిగారు.

"నాదొక ప్రశ్న. ఆ వీడియోలో నువ్వు, 'మా ఆయనకు చెప్తే సోడా తాగి పడుకొమ్మన్నడు సార్' అన్నవ్. అది డాక్టరమ్మ రాసిచ్చిందా?"

జ్ఞానమణి గారు మైకును నోటికి కాస్త దూరం జరిపారు.

"లేదండీ. అది నా సొంతం."

"నేనెప్పుడన్న అట్ల?"

"నాకు డెంగీ వచ్చినప్పుడు."

"డెంగీకి సోడా అన్ననా?"

"నిమ్మకాయ సోడా."

ముందు హదస్సా నవ్వింది. ఏడవబోతున్న గొంతులోంచి వచ్చిన నవ్వు కాబట్టి ఇంకా గట్టిగా వచ్చింది. "మా ఆయన వాము నమలమంటడక్కా! కాలు విరిగినప్పుడు సుత వామే!" అని అక్కడి నుంచే అరిచింది. ఆవిడ పక్కన కాంతమణి గారు, "మావారైతే ముందు తనకు అన్నం పెట్టి, ఆ తర్వాత పడుకోమంటారు," అన్నారు. ఇక ఆడవాళ్ల వైపు ఎవరూ ఆగలేదు. తలా ఒక జబ్బు, తలా ఒక మొగుడి మందు. మగవాళ్లు పాటల పుస్తకాలు తెరిచి శ్రద్ధగా చదవసాగారు. హదస్సా తన ఉపవాసం మాటే మరిచి ఆ వరసకు నాయకత్వం వహించింది. తల దించుకున్న వాళ్లు చాలామందే కనబడ్డారు గానీ, వాళ్లలో హదస్సా లేదు.

పాస్టరు గారు చేసేదేమీ లేక పాట ఎత్తుకున్నారు.

ఆరాధన అయ్యాక గేటు దగ్గర యేసురాజు గారు భార్య కోసం ఆగారు. నేను కొంచెం ఎడంగా నిలబడ్డాను గానీ వినబడింది.

"డెంగీ అని నాకు తెల్వదు మణీ. మామూలు జరం అనుకున్న."

"మీరు అడగలేదు కదండీ."

ఆయన బైబిలును ఒక చంక నుంచి ఇంకో చంకకు మార్చుకున్నారు. "శనివారం నేను సుత వస్తా. ఏమేం అడుగుతరో చూస్తా."

ఆవిడ శనివారం ఆవిడకు మిగిలింది. అక్కడితో కథ సుఖంగా అయిపోయిందని నేను కింది వాటాలో సంతోషపడ్డాను. హదస్సా ఇప్పుడు ప్రతి వీడియోనూ గ్రూపులో తనే పెడుతోంది, పైన పెద్ద అక్షరాలతో 'అక్క బాగానే ఉంది, ఎవరూ సూపు తేవద్దు' అని రాసి మరీ.

నిన్న సాయంత్రం మెట్ల మీద జ్ఞానమణి గారు కనబడ్డారు. మొహం మాడ్చుకుని ఉన్నారు.

"ఏమైందక్కా? ఈ వారం ఏం జబ్బు?"

"జబ్బుతో పరేషాన్ లేదు తమ్ముడూ. ఆయనతోనే," అన్నారు గొంతు తగ్గించి. "మొన్న అల్వాల్ వచ్చిన్రు కదా. డాక్టరమ్మ ఊరుకుంటదా? 'అంకుల్, పేషెంటు వెంట వచ్చే మనిషి మాకు లేడు, పక్కన కూర్చోండి' అన్నది. కూసున్నరు. ఆ విష్ణువర్ధన్ నన్ను అడుగుతడు, 'ఎప్పటి నుంచమ్మా?' అని. నేను నోరు తెరుస్తున్న. ఈయన, 'ఆమెకేం తెల్వదు సార్, నేను చెప్తా' అన్నరు! మొదలు నుంచి చివర దాక ఆయనే. నాకు నెలసరి ఆగింది ఎప్పుడంటే సుత ఆయనే చెప్పిన్రు, అది సుత తప్పు!"

"సింధూర గారు ఏమన్నారు?"

"ఆమెకేం, పడి పడి నవ్వింది. 'ఆస్పత్రిలో అచ్చం ఇట్లనే ఉంటది ఆంటీ, పేషెంటును మాట్లాడనియ్యని మనిషిని ఎట్ల ఆపాలో పిల్లలకు ఇదే పాఠం' అన్నది. ఆ వీడియోను నా గుండె కంటే ఎక్కువ మంది చూసిన్రు. ఈయన పొద్దున టిఫిన్ దగ్గర కామెంట్లు చదువుకుంటున్నరు. 'అంకుల్ సూపర్' అంట. నేను పక్కన మూగమొద్దులెక్క కూసున్న. దుప్పటి ఒక్కటే తక్కువ."

పై నుంచి యేసురాజు గారి గొంతు వినబడింది. ఎవరికో ఫోన్లో కడుపునొప్పి గురించి సాధికారంగా వివరిస్తున్నారు. ఆవిడ ఒకసారి పైకి చూసి, రెండు మెట్లు దిగి నా దగ్గరికి వచ్చారు.

"రేపు నువ్వు అల్వాల్ దిక్కు పోతా అన్నవ్ కదా. జెర డాక్టరమ్మ ఇంటికి పోయి ఒక్క మాట చెప్పు. ఫోన్లో నేను చెప్పలేను, ఆయన వింటరు. మొగుణ్ని బయట కూసోబెట్టి, తలుపేసి, పేషెంటును ఒక్కదాన్నే అడగాల్సిన జబ్బు ఏదో ఉంటదంట. వచ్చే శనివారం నాకు అది ఇమ్మను."